అట్లాస్ కొండల్లో పిల్లల్ని కొలవాలంటే జబ్బ టేపు ఒక్కటే చాలదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కమ్యూనిటీ మెడిసిన్ పీజీ అయిపోయింది. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మొరాకోలో హై అట్లాస్ కొండల్లో ఉన్న బెర్బెర్ ఊళ్లకి ఆరు వారాలు వెళ్తున్నారు. ఐదేళ్లలోపు పిల్లల్లో పోషకాహార లోపం ఎంత ఉందో తేల్చి రిపోర్టు ఇవ్వాలి. చేతిలో జబ్బ చుట్టుకొలత టేపులు వంద ఉన్నాయి, వేలాడదీసే స్ప్రింగ్ కాటా ఒకటి ఉంది. ఇవి సరిపోతాయా, ఎక్కడ తప్పు పోయే ప్రమాదం ఉంది?

సరిపోవు. పొడుగు కొలిచే బోర్డు లేకుండా వెళ్తే ఆరు వారాల తర్వాత మీరు రాసే రిపోర్టు "ఇక్కడ పెద్ద సమస్యేమీ లేదు" అని వస్తుంది. అది తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెట్టాలి.

నేను అంతకుముందు పాడేరు, అరకు వైపు మన్యంలో చాలా ఏళ్లు పిల్లల బరువులు తూచాను. అక్కడ అలవాటైన కన్ను సన్నటి చేతుల కోసం, బయటికి కనిపించే పక్కటెముకల కోసం వెతుకుతుంది. ఆ కన్నుతోనే హై అట్లాస్‌లోని అజిలాల్ వైపు, సుమారు 1900 మీటర్ల ఎత్తులో ఉన్న ఒక ఊరికి వెళ్లాను. పిల్లలందరికీ ఎర్రటి బుగ్గలు, గుండ్రటి మొహాలు. ఎవరి జబ్బకి టేపు చుట్టినా ఆకుపచ్చే. మొదటి రోజు సాయంత్రం నోట్‌బుక్‌లో "పోషణ బాగానే ఉంది" అని రాసేసుకున్నాను కూడా. రెండో రోజు ఒక పాప వచ్చింది. చూసి ఏడాదిన్నర పైన ఉంటుందేమో అనుకున్నాను. వాళ్లమ్మ ఆరోగ్య కార్డు తీసి చూపిస్తే సరిగ్గా మూడేళ్లు. బోర్డు మీద నిలబెడితే 83.0 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల చార్టులో మూడేళ్ల ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు 95.1 సెంటీమీటర్లు. తీవ్రమైన ఎదుగుదల లోపానికి గీసే మైనస్ మూడు గీత 83.6 దగ్గర ఉంటుంది. ఈ పాప దానికీ కిందే. 83 అంటే మామూలుగా ఇరవై, ఇరవై ఒక్క నెలల పిల్లకి ఉండే ఎత్తు. బరువు 11 కిలోలు, అంటే ఆ ఎత్తుకి అతికినట్టు సరిపోయే బరువు. జబ్బ 14.6. టేపు చూస్తే ఆరోగ్యవంతురాలు, బోర్డు చూస్తే ఏడాదికి పైగా ఎదుగుదల పోగొట్టుకున్న పిల్ల. ఆ రాత్రి నోట్‌బుక్‌లో ముందు రోజు పేజీ కొట్టేశాను.

ఆ ప్రాంతం తీరే అంత. మొరాకో దేశం మొత్తం మీద 2018 జాతీయ సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు సుమారు 15 శాతం, ఎత్తుకు తగ్గ బరువు లేకుండా చిక్కిపోయినవాళ్లు 3 శాతం లోపు. పల్లెల్లో గిడసబారినవాళ్లు పట్టణాలకి దాదాపు రెట్టింపు. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గిడసబారినవాళ్లు 35.5 శాతం, చిక్కిపోయినవాళ్లు 19.3 శాతం. అంటే మనకి రెండూ కలిసే కనిపిస్తాయి, అక్కడ ఒకటే కనిపిస్తుంది. జబ్బ టేపు పట్టుకునేది చిక్కిపోవడాన్ని. 11.5 సెంటీమీటర్ల లోపు తీవ్రం, 12.5 లోపు మధ్యస్థం అనే హద్దులు పెట్టింది ఆకలితో ప్రాణం మీదికొచ్చిన పిల్లల్ని త్వరగా ఏరడానికి. అట్లాస్ కొండల్లో పిల్లలకి కడుపు నిండుతుంది. రొట్టెతో, పంచదార టీతో నిండుతుంది. ఎముకకి, రక్తానికి కావాల్సింది అందులో దొరకదు. కాబట్టి టేపు తీసుకెళ్లండి, అది అరుదైన కేసుని వదలకుండా ఉండటానికి. మీ అసలు పని మాత్రం ఎత్తు, వయసు.

ఈ రెండిట్లో వయసే కష్టం. ఎత్తు కొలవడం రెండు రోజుల్లో నేర్పచ్చు. వయసు తేల్చడం ఇల్లిల్లూ కూర్చుని చేయాల్సిన పని. ఒక మగపిల్లవాడు పడుకోబెట్టి కొలిస్తే 80.0 సెంటీమీటర్లు ఉన్నాడనుకోండి. వయసు 21 నెలలైతే, గిడసబారినట్టు లెక్కేసే మైనస్ రెండు గీత 79.4, వాడు పైనే ఉన్నాడు, లెక్కలోకి రాడు. అదే వాళ్లమ్మ "రెండేళ్లు" అంటే, మీరు 24 నెలలు అని రాస్తే, గీత 81.7, వాడు గిడసబారినవాడైపోయాడు. మూడు నెలల తేడాకి పిల్లవాడు అటునుంచి ఇటు దూకాడు. ఇలాంటివాళ్లు ముప్పైమంది ఉంటే మీ శాతం ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

అందుకని ముందు కాగితం అడగండి. కుటుంబ నమోదు పుస్తకం ఉంటుంది, టీకాల కార్డు ఉంటుంది. రెండూ ఉంటే రెండూ చూడండి, ఎందుకంటే కొండ ఊళ్లలో కాన్పు ఇంట్లో అయి, మంచు కరిగాక తండ్రి కిందికి దిగినప్పుడు నమోదు చేయించిన సందర్భాలు ఉంటాయి. పుస్తకంలో ఉన్నది నమోదు తేదీనా, పుట్టిన తేదీనా అని మెల్లిగా అడగాలి. 2023 సెప్టెంబర్ 8 భూకంపం తగిలిన అల్ హౌజ్ వైపు వెళ్తే ఇంటితో పాటు కాగితాలూ పోయినవాళ్లు ఎదురవుతారు.

కాగితం లేని చోట సంఘటనల క్యాలెండర్ తయారు చేసుకోవాలి. మన మన్యంలో ఇటుకల పండగ ముందా తర్వాతా అని ఎలా అడుగుతామో అదే పద్ధతి. దీన్ని మరాకేష్‌లో హోటల్ గదిలో కూర్చుని చేయకండి, ఊరి ముసలమ్మలతో కలిసి చేయండి. అక్కడ అందరికీ గుర్తుండేవి కొన్ని చెప్తాను. భూకంపం వచ్చింది శుక్రవారం రాత్రి పదకొండు దాటాక. ఆ రాత్రి బిడ్డ కడుపులో ఉందా, ఒళ్లో ఉందా, నడుస్తోందా అన్నది ఏ తల్లీ మర్చిపోదు. 2022 డిసెంబర్‌లో మొరాకో జట్టు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది, టీవీ ఉన్న ఒక్క ఇంట్లో ఊరంతా చేరి చూసిన రోజులవి. 2025 జూన్ బక్రీద్ ఇంకో మంచి గుర్తు. కరువుకి మందలు తగ్గిపోయి, ఆ ఏడాది గొర్రెల్ని కోయొద్దని రాజు పిలుపునిచ్చారు. "గొర్రె కోయని పండగ" అంటే చాలు, ఎవరికైనా తెలుస్తుంది.

వీటికి ఏడాదేడాది తిరిగొచ్చే గుర్తులు కలపండి. జూన్, జూలైల్లో బార్లీ కోత, సెప్టెంబర్ చివర అక్రోట్లు దులపడం, జనవరి మధ్యలో అమజిఘ్, అంటే బెర్బెర్ల, కొత్త సంవత్సరం. ఉకైమెదెన్ లాంటి చోట్ల ఎత్తైన పచ్చిక బయళ్లని వసంతం నుంచి మూసేసి ఆగస్టు 10న తెరుస్తారు. అగ్దాల్ అంటారు దాన్ని. ఆ రోజు కోసం గొల్లలందరూ ఎదురుచూస్తారు కాబట్టి తేదీ పక్కాగా గుర్తుంటుంది. ఒక్క జాగ్రత్త ఉంది. రంజాన్, బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి. "రంజాన్‌లో పుట్టాడు" అంటే ఏ ఏడాది రంజాన్ అని తేల్చకుండా నెల వేసేయకండి. మా టీంలో ఒకబ్బాయి రెండు రోజులు అలాగే వేశాడు, మళ్లీ ఆ ఇళ్లన్నీ ఎక్కిదిగాం.

అయినా వయసు తేలకపోతే? అప్పుడు ఆ పిల్లకి ఎత్తు-వయసు లెక్క వేయకండి. ఎత్తుకి బరువు, జబ్బ చుట్టుకొలత మాత్రం రాసి వదిలేయండి. ఊహించి రాసిన వయసు కంటే ఖాళీ గడి నయం. రోజు చివర వయసుల్ని నెలల వారీగా ఒక కాగితం మీద గీతలు పెట్టి చూడండి. 24 దగ్గర, 36 దగ్గర గుట్టలు పడుతుంటే మీవాళ్లు తల్లి చెప్పిన "రెండేళ్లు", "మూడేళ్లు" అలాగే రాసేస్తున్నారన్నమాట.

ఇక కొలవడం. రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి, పైవాళ్లని నిలబెట్టి కొలుస్తాం. వయసు తెలియకపోతే 87 సెంటీమీటర్లని హద్దుగా పెట్టుకుంటారు. పడుకోబెడితే నిలబడినదానికంటే 0.7 సెంటీమీటర్లు ఎక్కువొస్తుంది కాబట్టి ఎలా కొలిచారో ఫారంలో టిక్ పెట్టడం మర్చిపోవద్దు. ఎప్పుడూ ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కి పాదాల పలక జరపాలి. తల్లి తల వైపు నిలబడి పిల్ల కళ్లలోకి చూస్తుంటే ఏడుపు సగం తగ్గుతుంది. ఆడపిల్లలకి జడలుంటాయి, తలగుడ్డ ఉంటుంది. జడ నడినెత్తి మీద చుట్టి ఉంటే విప్పమని ముందే అడగాలి, లేకపోతే సెంటీమీటరు ఊరికే కలుస్తుంది.

ఇళ్లలో నేల మట్టిది, సమంగా ఉండదు. రెండడుగుల చదరం మందపాటి ప్లైవుడ్ ముక్క, కిందపెట్టే చెక్క చీలికలు నాలుగు, ఒక చిన్న రసమట్టం. ఈ మూడూ లేకుండా నేను ఇప్పుడు ఏ కొండా ఎక్కను. బోర్డుని మోసేది కంచర గాడిద. దారిలో వాన పడుతుంది, మంచు పడుతుంది. ఒకసారి మా చెక్క బోర్డు తడిసి ఉబ్బి, పాదాల పలక మధ్యలో పట్టేసింది. బలంగా తోస్తే కదిలేది, కానీ అలా తోసినప్పుడు పిల్ల మోకాళ్లు ముడుచుకుపోయేవి. ఆ రోజు కొలిచిన పద్నాలుగు మందినీ మర్నాడు మళ్లీ కొలిచాం. అప్పట్నుంచి పొద్దున్నే పని మొదలుపెట్టేముందు పొడవు తెలిసిన ఇనప కడ్డీ ఒకటి బోర్డు మీద పెట్టి చూడటం అలవాటు చేసుకున్నాం. కాటాకి కూడా అంతే, తెలిసిన తూకపు రాయి ఒకటి ఉండాలి. అక్కడ ప్రతి ఇంట్లో శంఖు ఆకారంలో పంచదార దిమ్మ ఉంటుంది, రెండు కిలోలది, చుట్టాలింటికి వెళ్తే అదే కానుక. సరదాగా దాన్ని కాటా మీద పెట్టి చూసేవాళ్లం. సరదాకే సుమా, దాన్ని తూకపు రాయి అనుకోకండి, ఎలకలూ పిల్లలూ అంచులు కొరికేసి ఉంటారు.

మీ స్ప్రింగ్ కాటా గురించి అడిగారు. దాన్ని దూలానికి వేలాడదీసి, పిల్లని సంచీలో కూర్చోబెడితే గుక్కపట్టి ఏడుస్తుంది, ముల్లు ఊగుతూనే ఉంటుంది, కొలిచేవాడు ఊహించి రాస్తాడు. బ్యాకప్‌గా ఉంచుకోండి. తల్లిని ముందు నిలబెట్టి సున్నా చేసి, తర్వాత బిడ్డని చేతికిస్తే బిడ్డ బరువు మాత్రమే చూపించే ఎలక్ట్రానిక్ కాటా తీసుకెళ్లండి. చలికి బ్యాటరీలు త్వరగా పడుకుంటాయి, రాత్రి దుప్పట్లో పెట్టుకుని పడుకోవాలి. నవ్వులాట కాదు, మేం అలాగే చేశాం.

బట్టల సంగతి మన మైదానంలో పనిచేసినవాళ్లకి తట్టదు. రెండు వేల మీటర్ల ఎత్తున మార్చిలో పిల్ల ఒంటి మీద రెండు స్వెట్టర్లు, పైన ఉన్ని కోటు, కింద రెండు ప్యాంట్లు ఉంటాయి. అన్నీ విప్పించమంటే ఏ తల్లీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. పొయ్యి ఉన్న గదిలో కొలవండి, పైవి విప్పించి ఒక్క లోపలి జత ఉంచండి. అదే రకం జతని విడిగా తూచి ఆ బరువు తీసేయండి. నడుముకి, మెడకి తాయెత్తులు ఉంటాయి. వాటిని తీయమని అడగకండి. ఆ కాస్త బరువు పోతే పోయింది.

తాయెత్తు దేనికో మీకు నేను చెప్పక్కర్లేదు. దిష్టి. అక్కడ పిల్లని చూడగానే "తబారక్ అల్లా" అనాలి. అనకుండా "ఎంత ముద్దుగా ఉందో" అంటే తల్లి మొహం మారిపోతుంది. మీ టీంలో ప్రతి ఒక్కరికీ ఈ మాట మొదటి రోజే నేర్పండి. పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టడం కూడా వాళ్లకి నచ్చదు. అందుకే మసీదు దగ్గరో బడి దగ్గరో అందర్నీ పోగుచేసి కొలిచే పద్ధతి ఇక్కడ దెబ్బతింటుంది. బాగా ఉన్న పిల్లని దిష్టి భయంతో తీసుకురారు, బాగోలేని పిల్లని సిగ్గుతో తీసుకురారు. ఇంటింటికీ వెళ్లాలి. ఊరి చివర, వాగు దాటాక విడిగా ఉండే ఆ ఒక్క ఇంటికి తప్పకుండా వెళ్లాలి. మనం వదిలేయకూడని పిల్లలు సాధారణంగా ఆ ఇంట్లోనే ఉంటారు.

ఎప్పుడు వెళ్తున్నారో మీరు రాయలేదు. అది చాలా ముఖ్యం. శీతాకాలం చివర నుంచి బార్లీ కోత దాకా ఇళ్లలో నిల్వలు తగ్గుతాయి. అక్టోబర్‌లో వెళ్తే అక్రోట్లు, ఆపిళ్లు, కొత్త ధాన్యం, అంతా కళకళలాడుతూ కనిపిస్తుంది. వేసవిలో వెళ్తే కొన్ని కుటుంబాలు మందలతో పై బయళ్లలోని రాతి కొట్టాల్లో ఉంటాయి, అజీబ్ అంటారు వాటిని. ఊళ్లో తలుపులు వేసి ఉంటే "పిల్లలు లేరు" అని రాసుకోకండి, అజీబ్‌కి ఎన్ని గంటల నడకో కనుక్కోండి.

తిండి గురించి అడిగేటప్పుడు నేను నేర్చుకున్న ఒక్క కిటుకు చెప్తాను. "టీ ఇస్తారా?" అని అడగకండి. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నకి మర్యాద కోసం మీకు నచ్చుతుందనుకున్న జవాబే వస్తుంది. "నిన్న పొద్దున లేచాక మొదట ఏం నోట్లో పెట్టుకుంది? తర్వాత?" అంటూ రాత్రి దాకా నడిపించండి. అప్పుడు బయటికొస్తుంది: తొమ్మిది నెలల బిడ్డకి తియ్యటి పుదీనా టీలో ముంచిన రొట్టె, మధ్యాహ్నం మళ్లీ టీ, సాయంత్రం ఇంకో గ్లాసు. ఆ టీ గ్రీన్ టీ. అందులోని టానిన్లు రొట్టెలో ఉన్న కాస్త ఇనుముని కూడా ఒంటికి పట్టనివ్వవు. పైగా ఆ తీపికి కడుపు నిండి పాలకి ఆకలి ఉండదు. మన ఊళ్లలో పసిబిడ్డకి టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు చూసిన నాకు ఇది కొత్తగా అనిపించలేదు.

6 నుంచి 23 నెలల పిల్లలకి ఎనిమిది రకాల ఆహారాల్లో కనీసం ఐదు అందాలన్నది ఇప్పటి లెక్క, తల్లిపాలు కూడా అందులో ఒకటి. రొట్టె, తల్లిపాలు, ఇంట్లో ఆవు ఉంటే మజ్జిగ. చాలామంది దగ్గర మూడు దగ్గరే ఆగిపోతుంది. కోళ్లు తిరుగుతుంటాయి, గుడ్లు సంతకి పోతాయి. ఇంకొకటి ఏంటంటే, అందరూ ఒకే పళ్లెంలో తింటారు. మాంసం మధ్యలో ఉంటుంది, దాన్ని చివర్లో పెద్దవాళ్లు పంచుతారు. "నిన్న మాంసం తిన్నారా" అంటే తిన్నాం అంటారు, నిజమే. చంటిపిల్ల వాటాకి ఎంత వచ్చింది, అది పులుసులో ముంచిన రొట్టెనా, ముక్కా అన్నది విడిగా అడగాలి.

రక్తపరీక్ష చేసే ఉద్దేశం ఉంటే ఊరి ఎత్తుకి తగ్గ సర్దుబాటు మర్చిపోకండి. ఇది డాక్టర్లు కూడా మర్చిపోతారు. కొండ మీద గాలి పల్చన, ఒళ్లు దానికి తగ్గట్టు హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం 2000 నుంచి 2499 మీటర్ల మధ్య కొలిచిన విలువలోంచి డెసిలీటరుకి 1.4 గ్రాములు తీసేయాలి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లకి రక్తహీనత హద్దు 11. అక్కడ 11.5 వచ్చిందని సంతోషపడితే, 1.4 తీస్తే 10.1, ఆ పిల్లకి రక్తహీనత ఉన్నట్టే. ప్రతి ఊరి ఎత్తూ ఫోన్‌లో జీపీఎస్ చూసి ఫారం మీదే రాసుకోండి. వేలు చల్లగా ఉంటే చుక్క రాదు, పిండితే నీరు కలిసి విలువ తగ్గుతుంది. ముందు చెయ్యి పొయ్యి దగ్గర వెచ్చబెట్టించండి. కళ్లు లాగి పాలిపోయాయా అని చూసే పద్ధతి మీద ఆధారపడకండి, కాటుక మధ్యలో ఏ రంగూ తేలదు.

కొండ ఎత్తు ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. "కొండవాళ్లు పొట్టిగానే ఉంటారు, మన చార్టులు వాళ్లకి వర్తించవు" అని ఎవరో ఒకరు మీతో అంటారు. 2006 ఎదుగుదల ప్రమాణాలు ఆరు దేశాల పిల్లల మీద కట్టినవి, అందులో మన ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. చక్కటి తిండి, శుభ్రత ఉంటే మొదటి ఐదేళ్లలో పిల్లలు ఎక్కడైనా దాదాపు ఒకేలా పెరుగుతారని ఆ పని చూపించింది. అయితే ఆ కేంద్రాలన్నీ 1500 మీటర్ల లోపు ఎంచుకున్నవే, అది నిజం. ఆ మాట రిపోర్టులో ఒక వాక్యంగా రాయండి, అంతేగానీ దాన్ని సాకు చేసుకుని గీతలు కిందికి దించకండి. అదే లోయలో సంత ఉన్న ఊరి పిల్లలకీ, పైన రోడ్డు లేని ఊరి పిల్లలకీ తేడా చూస్తే అది ఒక్క కొండ ఎత్తు వల్ల వచ్చేంత తేడా కాదని మీకే అర్థమవుతుంది.

అయోడిన్ చవకగా తేలిపోయే విషయం. మొరాకోలో 1995 నుంచి ఉప్పులో అయోడిన్ కలపాలన్న నియమం ఉంది. కానీ కొండల్లో రాతి ఉప్పు తవ్వే చోట్లున్నాయి, అది చవక, దాన్నే దంచి వాడతారు. ప్రతి ఇంట్లో చిటికెడు ఉప్పు అడిగి పరీక్ష చుక్క వేయండి, నీలం రంగు తిరగకపోతే అయోడిన్ లేనట్టే. పెద్ద ఆడవాళ్ల మెడలు ఉబ్బి ఉన్నాయేమో చూసినా మీకు కొంత తెలిసిపోతుంది. ఇనుము కలిపిన పిండి గురించి కూడా ఇదే మాట. దుకాణంలో కొన్న పిండికి అది వర్తిస్తుంది, సొంత బార్లీని వాగు పక్క మరలో ఆడించుకునే ఇంటికి ఎలా చేరుతుంది?

రికెట్స్, అంటే విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడే జబ్బు, కూడా చూడండి. ఎండ కావాల్సినంత ఉన్న దేశంలో రికెట్స్ ఏంటి అనుకుంటాం. చలికి బిడ్డని గుడ్డల్లో బిగించి చుట్టి నెలల తరబడి లోపలే ఉంచుతారు. మణికట్టు లావెక్కిందా, నడిచే పిల్లల కాళ్లు విల్లులా వంగాయా గమనించండి. వంగిన కాళ్లతో ఎత్తు తక్కువగా వస్తుంది కాబట్టి అలాంటి పిల్ల ఫారం మీద గుర్తు పెట్టుకోవాలి. పాదాల వాపు కోసం రెండు పాదాలూ బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి చూడాలి. రెండింట్లోనూ గుంట నిలిస్తే బరువు ఎంతున్నా అది తీవ్రమైన కేసే. చలికి ఎర్రగా ఉబ్బిన వేళ్లు వేరు, వాటిలో గుంట పడదు.

అలాంటి కేసు దొరికితే ఎవరికి అప్పజెప్తారో వెళ్లేముందే తేల్చుకోండి. నేను చేరిన ఒక సర్వేలో ఇది ఎవరూ ఆలోచించలేదు. పాదాలు ఉబ్బిన పిల్లవాడు నాలుగో రోజే దొరికాడు. మా దగ్గర ఫారాలున్నాయి, బోర్డులున్నాయి, వాడిని పంపడానికి బండి లేదు, డబ్బు ఎవరి ఖాతాలోంచి ఇవ్వాలో తెలీదు. గాడిద మీద మట్టి రోడ్డు దాకా, అక్కడి నుంచి సంతకి పోయే వ్యాన్‌లో. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆరు గంటలు. వాళ్ల నాన్న కాసాబ్లాంకాలో కూలికి వెళ్లి ఉన్నాడు, తల్లి ఒక్కతే వచ్చింది, ఇంట్లో ఇంకో ముగ్గురు పిల్లల్ని అత్తగారికి వదిలి. తీవ్రమైన పిల్లలకి ఏ ఆసుపత్రి, ఏ బండి, తోడొచ్చిన తల్లి తిండికి ఎంత అన్నది కాగితం మీద లేకపోతే సర్వే మొదలుపెట్టొద్దని సంస్థకి చెప్పండి.

భాష గురించి మీరు "అరబిక్ దుబాసీని పెట్టుకున్నాం" అని రాశారు. మార్చండి. అక్కడి బెర్బెర్లు తమని తాము ఇమజిఘెన్ అనుకుంటారు. వాళ్ల భాష, తమజిఘ్త్ అన్న పేరుతో, 2011 రాజ్యాంగంలో అధికార భాష అయింది గానీ, పై ఊళ్లలో చాలామంది తల్లులకి అరబిక్ అంతంతమాత్రమే. అందులోనూ రకాలున్నాయి: మరాకేష్‌కి దక్షిణాన తూబ్‌కల్ కొండ వైపు తషెల్‌హిత్ మాట్లాడతారు; అజిలాల్, ఇమిల్‌షిల్ వైపు మాట్లాడే రకాన్ని తమజిఘ్త్ అనే అంటారు. ఒకటి వచ్చినవాళ్లు రెండోదానిలో తడుముకుంటారు. ఆ లోయలోనే పుట్టిన, చదువుకున్న అమ్మాయిని వెతకండి. మగవాడైతే తల్లులు పాలు పట్టడం గురించి చెప్పరు. ప్రశ్నలు ఒకరు అటు అనువదిస్తే, వేరొకరితో తిరిగి ఫ్రెంచ్‌లోకి అనువదింపించి చూడండి. మా ఫారంలో "విరేచనాలు" అన్నది "కడుపునొప్పి" అయి తిరిగొచ్చింది. తొలి వారమే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. అనుమతుల కోసం ముందు ఆరోగ్యశాఖ, తర్వాత ఖాయిద్ అనే ప్రాంతీయ అధికారి, ఊళ్లో మొఖద్దం. ఆ మాట మన నైజాం కాలపు మొకద్దమే. అతను పక్కనుంటే తలుపులు తెరుచుకుంటాయి, అతను గదిలో కూర్చుంటే నోళ్లు మూసుకుంటాయి. గడప దాకా తీసుకొచ్చి, టీ తాగించి, పంపేయండి.

లెక్కల దగ్గర ఒక్క మాటతో ఆపేస్తాను. ఒక ఊళ్లో నలభై మంది పిల్లల్ని నమూనాగా కొలిచి పన్నెండు మంది గిడసబారారు, 30 శాతం అని రాస్తే, నిజం 16 నుంచి 44 మధ్యలో ఎక్కడైనా ఉండచ్చు. 30 పైన అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అతి ఎక్కువ, 20 లోపు అంటే మధ్యస్థం. ఆ నలభై మందితో ఏదీ చెప్పలేరు. లోయ చిన్నదైతే నమూనా తీయకండి, ఇంటింటికీ తిరిగి ఉన్నవాళ్లందర్నీ కొలిచేయండి. మీకున్న ఆరు వారాల్లో మొదటి వారం కొలతకి పోదు. కింద పట్నంలో పదిమంది పిల్లల్ని మీ టీంలో ప్రతి ఒక్కరూ రెండేసి సార్లు కొలిచి, తేడాలు చూసుకోవడానికే పోతుంది. కొలతల చివరి అంకె సున్నాలూ అయిదులే వస్తుంటే ఉజ్జాయింపుగా రాస్తున్నట్టే, ఆ మనిషిని కాటా దగ్గరికి మార్చండి, బోర్డు దగ్గర వద్దు.

మీరు వెళ్లే లోయ ఏదో, ఏ నెలలోనో రాయండి. తషెల్‌హిత్ వైపా, తమజిఘ్త్ వైపా అన్నది కూడా చెప్తే నా దగ్గరున్న సంఘటనల క్యాలెండర్ సరిచేసి పంపిస్తాను. బోర్డు మాత్రం ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, మడత పెట్టేది, ప్లాస్టిక్‌ది, చెక్కది వద్దు.